ఏడ్వకుండ విడిచిన తండ

మా ఇంట్ల ఒక మాట అనరాదు. నిజామాబాద్ల ఎవరి నోట్ల జూసినా అదే మాట. పిల్లలు లొల్లి చేస్తే ఏం గత్తరవెట్టిండ్రురా అంటరు, బస్సు ఆపకపోతే వీని గత్తరల వోను అంటరు. హాస్టల్ల చదువుకునేటప్పుడు నేను గూడ నేర్చుకున్న. సెలవులకు ఇంటికొచ్చి ఒకనాడు మా అన్నను అట్లనే తిట్టిన. పొయ్యి కాడ రొట్టె చేస్తున్న దాదీ, అంటే మా బాపును కన్నతల్లి, పిండి చేతులతోనే లేసి వచ్చి నా నోరు మూసింది. కొట్టలే, తిట్టలే. మూసి అట్లనే పట్టుకొని నిలవడ్డది. ఆ చెయ్యి గజగజ వణుకుతుండె. చెరుకు తోటల నాగుపామును కొడవలితోని పక్కకు నూకిన మనిషి ఆమె. అసొంటి మనిషి ఒక్క మాటకు వణుకుడు చూసి నాకు జరమొచ్చినంత పనైంది.

గత్తరంటే కలరా. వాంతులు, విరేచనాలు పట్టి మనిషిని ఒక్క దినంల తీస్కపోయే రోగం. ఇప్పుడు నేను నిజామాబాద్ల సర్కారు బడిల టీచర్ని. ఆ పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద రాసి, నీళ్ళు కాగబెట్టుకొని తాగాలె అని పిల్లలకు చెప్త. అదే నేను మా తండకు పోతే దాని పేరే ఎత్తను. మా ఆయన నవ్వుతడు, పేరుకే టీచరమ్మవు, పిల్లి అడ్డమొస్తే చెప్పులిడిచి కూసుంటవు అని. కూసుంట మరి. బుగులు, అదే భయం, నాకు దగ్గరి చుట్టం. పిలవకుండనే వస్తది, పొమ్మన్నా పోదు.

మేము లంబాడోళ్ళం. మా తండ మోస్రా దాటినంక అడివి అంచుకుంటది. ఎనకట మా వంశాల పేర్లు వరుసగ పాడేటోళ్ళు ఏడాదికోపారి తండకు వస్తుండిరి. ఇప్పుడు వస్తలేరు. పాడేటోళ్ళు పోయిండ్రో, వాళ్ళ కొడుకులు ఆటోలు నడుపుకుంటున్నరో ఎవరికెరుక. ఇగ మిగిలింది దాదీ ఒక్కతే. మా తాతల తాతలు ఎద్దుల మీద ఉప్పు సంచులేసుకొని ఏ దారిన నడిచిండ్రు, ఏ వాగు కాడ దిగిండ్రు, ఏ దొర పన్నడిగితే రాత్రికి రాత్రి ఎట్ల లేసిపోయిండ్రు, అంతా ఆమె నోట్లనే ఉన్నది. కాల్వ వచ్చినంక, కోస్తా నుంచి వచ్చి బోధన్ దిక్కు భూములు కొన్న రైతుల చెరుకు కొట్టెటందుకు పోయిన కతలు గూడ చెప్తది. చెరుకాకు కోసుకపోయిన గీతలు ఆమె ముంజేతుల మీద ఇంకా కనవడ్తయి. ఫోను కొన్నకాన్నుంచి సెలవులొచ్చినప్పుడల్ల ఆమె ముందట పెట్టి రికార్డు చేస్తున్న. ఆమె పోతే అన్నీ పోతయి అన్న భయం నాకు ఎప్పటికెల్లో ఉన్నది.

కని ఆ కతల ఒక బొంద ఉన్నది. ‘వాగు ఒడ్డుకు తండ ఏసుకున్నం, మస్తుగ జొన్న పండింది’ అంటది. దాని ఎనక వచ్చే మాట ‘గీడికొచ్చినం’. ఆ రెండిటి నడుమ ఏం లేదు. ఎందుకు లేసిండ్రు, ఎవలెవలు లేసిండ్రు అని అడిగితే మేకలకు ఆకేసేది యాదికొస్తది, లేకుంటే పొయ్యిల నిప్పు ఆరుతది. చిన్నప్పుడు బాపును అడిగిన. నాకేం తెల్సు బిడ్డ, నేను ఈ తండలనే పుట్టిన, పాత తండ సంగతి ఎవరూ ఎత్తరు అన్నడు.

ఇంకొకటి గూడ ఉండె. అది నా కడుపుల ముల్లు లెక్క ఉండె. నా బిడ్డకు నేను మా లంబాడోళ్ళ పాత పేరొకటి వెట్టిన. టౌన్ల అందరూ తిరగేసి మరగేసి కొత్త కొత్త పేర్లు వెడ్తుంటే, నాకు మాత్రం చిన్నప్పుడు దాదీ ఇసుర్రాయి తిప్పుకుంట సన్నగ కూనిరాగం తీసేటప్పుడు విన్న పేరు యాదికొచ్చింది. ఆమెకు సంబరమైతదనుకున్న. పేరు వెట్టిన నాడు అది చెవిల పడంగనే దాదీ లేసి బయటికి పోయింది. ఎవరు పిలిచినా తిండికి రాలే. అప్పటి సంది నా బిడ్డను పిల్లా అంటది, చిట్టీ అంటది, ఓ కోతీ అంటది. పేరు మాత్రం నోట్లకు రానియ్యలే. నా బిడ్డకు నాలుగో ఏడు వచ్చింది, మాటలు కుప్పలు పోస్తది, దాదీ అంటె పాణం పెడ్తది. ఆ పేరు ఒక్కపారి పిలిస్తే ఏం పోతదే అని నేను లోపల లోపల కుములుకుంటుంటి.

పోడు భూములకు పట్టాలిస్తమని సర్కారోళ్ళు దరఖాస్తులు తీసుకున్న ఏడు బాపు ఫోన్ చేసిండు. మా ఇంటికున్నది ఒక్కటే చెలక, అడివిల, వాగు పక్కన. బాపు చేసిండు, ఇప్పుడు అన్న చేస్తున్నడు. మక్క, కంది ఏస్తరు. అది లేకుంటే మా అన్న మల్ల చెరుకు కొట్టుడుకు పోవాలె. బాపు నడుము వంగిపోయింది ఆ పనితోనే. ఫారెస్టు సారు వచ్చి చూసి, ఇది మొన్నమొన్న కొట్టిన చెలక లెక్కున్నది, పాతదని ఏం ఆనవాలు అని అడిగిండట. చెడ్డ మనిషి కాదు, ఆయన పని ఆయన చేస్తున్నడు. పాత తండ ఆ వాగు పక్కకే ఉండెనని విన్నమని బాపు చెప్పిండట. ఎనకట మీ తండ ఈడనే ఉండెనంటే, చూసిన ముసలోళ్ళు ఎవరన్న వచ్చి జాగ మీద నిలవడి చెప్పాలె, మేం రాసుకుంటం అన్నడట. చూసిన ముసలోళ్ళల్ల దాదీ తప్ప ఇంకెవలు లేరు.

ఇన్నేండ్ల సంది నేను ఏ బొంద చుట్టు తిరుగుతున్ననో, ఇప్పుడు ఆ బొందలకే దిగాలె.

ఐతారం బిడ్డనెత్తుకొని తండకు పోయిన. వర్ని బస్సు దిగి ఆటో ఎక్కిన. దాదీ గడప కాడ కూసొని కందులు చెరుగుతున్నది. నా బిడ్డ పోయి ఒళ్ళె పడ్డది. ఫోన్ ముందట పెట్టి, పాత కతలకెల్లే మొదలువెట్టిన. ఉప్పు సంచులు, ఎద్దులు, వాగు ఒడ్డు. జొన్న పండింది అన్నది. నేను ఆగలే. దాని ఎనక ఏమైంది దాదీ అన్న. చేట ఆగింది. మా అన్న చెలక పోతది, నువ్వు చెప్పకుంటే పోతది అని చెప్పిన. ఆఖర్కి నా బిడ్డ రెండు చెవులు తన అరచేతులతోని మూసి, ఒక జాగ పేరు చెప్పింది. ఊపిరి తప్ప గొంతు లేదు అందుల. అది ఆ పాత తండ పేరు. నా జన్మల మొదటిసారి విన్న.

పేరెత్తొద్దని ఒట్టువెట్టుకొని లేసినం అన్నది దాని ఎనక. ఎనకకు సూడొద్దు, ఏడ్వొద్దు, పేరెత్తొద్దు. ఎత్తితె ఎంట వస్తది. గంతే, చేట పట్టుకొని లేసి లోపటికి పోయింది.

ఆ పొద్దుగూకంగ నిజామాబాద్ చేరినం. చేరినంక గంట గాలే, నా బిడ్డ వాంతి చేసుకున్నది. ఎనకనే విరేచనాలు. ఒకటెనుక ఒకటి. కండ్లు లోపటికి పోయినయి, పెదవులు ఎండినయి. బడిల బోర్డు మీద నేను రాసే గుర్తులన్నీ నా బిడ్డ మొఖం మీద నాకు కనవడ్తున్నయి. పై పాణాలు పైనే పోయినయి. మా ఆయన బండి తీసిండు. నడుమ బిడ్డను పట్టుకొని కూసొని, దావ పొడుగునా నేను దండం పెట్టిన. ఎవరికో నాకే తెల్వదు. పేరు దాదీ చెప్పింది కాదు, నేను చెప్పించింది, పట్టేదుంటే నన్ను పట్టు అనుకుంట పోయిన.

డాక్టరమ్మ చూసి సెలైన్ పెట్టింది. పొద్దున్న ఏం తిన్నది అంటే, బస్టాండుల పుదీన నీళ్ళ బండి కాడ తాగిందని మా ఆయన చెప్పిండు. నిజమే, నేనే తాగిచ్చిన. డాక్టరమ్మ, అగో అదే, రేపటికి మంచిగైతది అన్నది. నేను తలకాయ ఊపిన. ఊపి, బయటికొచ్చి, వరండల నిలవడి ఫోన్ తీసి ఆ పొద్దుటి రికార్డు చెరిపేసిన. ఆ పేరు నా దగ్గర ఉండరాదు అనిపిచ్చింది. ఏండ్లకేండ్లు దేని కోసం తిరిగిననో అదే దొరికినంక, వేలితోని నొక్కి పారేసిన. అప్పుడు నన్ను ఎవరన్న కలరా ఎట్ల వస్తది టీచరమ్మా అని అడిగితే, పేరెత్తితే వస్తది అనే చెప్తుంటి.

తెల్లారి దాదీ వచ్చింది. ముసల్దైనంక తండ విడిచి ఎటూ పోని మనిషి, అన్నను ఎంట పెట్టుకొని, బస్సుల నిలవడి వచ్చింది. నన్ను తిడ్తదనుకున్న. తిడితే బాగుండనుకున్న. మంచం పక్కన కింద కూసొని, నా బిడ్డ పాదం పట్టుకొని, పైన వేలాడుతున్న సీసనే చూసుకుంట ఉన్నది. బొట్టు బొట్టు పడుతుంటే దాని ఎంబడే ఆమె కండ్లు గూడ దిగుతున్నయి.

“గా సీసల ఏం మందున్నది?” అని అడిగింది.

“నీళ్ళే దాదీ. ఉప్పు కలిపిన నీళ్ళు.”

“వాంతులైతున్నదానికి నీళ్ళిస్తరా?”

“నీళ్ళే ఇయ్యాలె. ఒంట్ల నీళ్ళు పోతేనే పాణం పోతది.”

“ఉప్పు నీళ్ళేనా?” అన్నది మల్ల.

అవునన్న. ఇంట్ల గూడ కలుపుకోవచ్చు, చిటికెడుప్పు, పిడికెడు చక్కెర అని బడిల చెప్పినట్టే చెప్పిన. చేతుల ఉన్న పాదాన్ని ఇడువలే. నర్సు వచ్చి లేవమ్మా అంటే గూడ లేవలే. ఆ సీసను ఎందుకు అంతగనం చూస్తున్నదో నాకు అప్పుడు తెల్వలే. ముసల్ది దడుసుకున్నది, ఇగ జన్మల నోరిప్పది, చెలక పాయె అనుకున్న. అనుకొని, నిజం చెప్తున్న, పాణం కుదుటవడ్డది.

నా బిడ్డ లేసి కూసొని ఇడ్లీ అడిగినంక, దాదీ నా దిక్కు తిరిగి, ఫారెస్టోళ్ళు ఎప్పుడొస్తమన్నరు అని అడిగింది. వద్దు దాదీ అన్న. చెలక పోతే పోనీ, అన్నకు ఇంకేదన్న పని చూద్దం, వద్దు అని కాళ్ళు పట్టుకున్న. చదువుకున్న మనమరాలు ముసలమ్మ కాళ్ళ మీద వడి పేరెత్తకే అని ఏడుస్తుంటే పక్క మంచమోళ్ళు వింతగ చూసిండ్రు. దాదీ నా నెత్తి మీద చెయ్యేసింది.

“నేనొస్త. నువ్వు మెడ ఇయ్యాలె. పిల్లను గూడ తోలుకరా,” అన్నది.

మెడ ఇచ్చుడంటే ఏందో లంబాడోళ్ళకు చెప్పనక్కర్లే. మా ఆడోళ్ళు చాన దినాలకు కలిసినా, పిల్లను అత్తగారింటికి తోలినా, మనిషి పోయినా, ఒకరి మెడ ఒకరు కావలిచ్చుకొని రాగం తీసి ఏడుస్తరు. ఉట్టి ఏడుపు కాదు. చెప్పేదంతా అందులనే చెప్తరు, పేర్లన్నీ అందులనే తీస్తరు. ఒకామె అందుకుంటే మెడ ఇచ్చినామె మారు పలకాలె. పలికేటోళ్ళు లేకుంటే ఆ ఏడుపు ఎల్లదు. దాదీకి మెడ ఇచ్చే ఈడు ఆడోళ్ళు ఎవలూ లేరు. నాకు ఆ రాగం రాదు. వచ్చినా, ఆ జాగల నిలవడి, నిన్న మొన్న సెలైన్ తీసిన బిడ్డను పక్కన పెట్టుకొని మారు పలకాల్నంటే నాతోని కాదు. ఇంకో మాట గూడ చెప్పింది దాదీ ఆ పొద్దు. ఆనవాలుకేం కొదువ లేదు, పిల్లల మీద పేర్చిన రాళ్ళకుప్పలు ఆడనే ఉంటయి, అవి సూపిస్త అన్నది. మా లంబాడోళ్ళల్ల పెండ్లి కాకముందు పోయినోళ్ళను కాలవెట్టరు, బొందవెడ్తరు.

సార్లు వస్తమన్న నాటి పొద్దుగాలనే మేం తండకు చేరినం. అందరికంటే ముందు నేను బాపుతోని చెలకకు పోయిన. పోయి చూసి నిలవడ్డ కాడ్నే నిలవడ్డ. చెలకల ఒక్క రాయి లేదు. బాపు, అన్న కలిసి వారం దినాలు రెక్కలు ముక్కలు చేసుకొని రాళ్ళన్నీ ఏరిండ్రు. ఏరి, వాగు దిక్కు అంచు పొడుగునా కట్ట లెక్క పేర్చిండ్రు. సార్లు చూస్తే ఎప్పటినుంచో సాగుల ఉన్న భూమి లెక్క కనవడాలె గదా అని. నడుము సరిగ లేవని బాపు, “సూడు బిడ్డ, అద్దం లెక్కున్నది” అన్నడు.

ఆ రాళ్ళేందో వాళ్ళకు ఎవరు చెప్పిండ్రు గనుక? దాదీ చెప్పింది నాకొక్కదానికే, నేను భయానికి ఆ మాట ఎవరితోని అనలేదు. ఎవరూ పేరెత్తకపోతిరి, ఎవరూ సూపియ్యకపోతిరి. దాదీకి ముందే చెప్పాల్నా, చెప్పకుంటే ఆడికొచ్చి చూసి కూలవడ్తదా, చెప్తే అసలు రాకుంటదా. ఇగ దాదీ రానే వచ్చింది, అన్న రెక్క పట్టుకొని. ఎనక మా ఆయన బిడ్డను ఎత్తుకొని వచ్చిండు. వాళ్ళ ఎనకనే ఫారెస్టు సారు, పంచాయతీ కార్యదర్శి.

దాదీ చెలక నడిమికి పోయి నిలవడ్డది. ఆ దిక్కు చూసింది, ఈ దిక్కు చూసింది. రాళ్ళేవి అన్నది. బాపు సంబరంగ కట్ట చూపించిండు. దాదీ నడుసుకుంట కట్ట కాడికి పోయి, ఒక రాయి మీద చెయ్యి పెట్టింది, దాని పక్క దాని మీద పెట్టింది, అట్ల కట్ట పొడుగునా పోయింది. ఏ రాయి ఎవరి మీదిదో ఇగ ఆ దేవునికి గూడ తెల్వదు. నేను కండ్లు మూసుకున్న. కూలవడ్డ సప్పుడు వస్తదని చూస్తున్న. సప్పుడు రాలే.

ఫారెస్టు సారు మెల్లగనే అడిగిండు, అవ్వా, తండ ఈడుండెననుటానికి ఏమన్న ఉన్నదా అని. దాదీ కట్ట దాటి వాగులకు దిగింది. ఆడ వాగు పక్క పెద్ద పరుపుబండ, దాని నిండ ఆకులు, మన్ను. కాలితోని ఆకులు జరిపింది. కూసొని చేతులతోని మన్ను తోడింది. గుండ్రటి గుంత బయటవడ్డది, నున్నగ, అంచులరిగి. రోలు. బండల తొలిచిన రోలు.

“ఈడ జొన్నలు దంచినం,” అన్నది.

పక్కన ఇంకొకటి తోడింది. మూడోది సారే కూసొని కట్టెపుల్లతోని తీసిండు. తీసి, లోపల వేళ్ళు పెట్టి ఆ నునుపు తడిమి చూసిండు. ఎన్ని ఏండ్లు దంచితే గింత అరుగుతదో ఆయనకు గూడ ఎరుకే. కార్యదర్శిని పిలిచి రాసుకోమన్నడు. ఇగ ఈడనే ఆపితే బాగుండు, పని అయిపోయింది, బిడ్డను తీస్కొని ఉర్కుత అనుకున్న. అడుగు వేసిన గూడ.

దాదీ నా మెడ పట్టుకున్నది.

ఆ పట్టు నేను మరువ. పుల్లలసొంటి చేతులు, అంత బలం యాడికెల్లి వచ్చిందో. నా చెవి పక్కనే మా లంబాడి బాసల రాగం ఎత్తింది. మొదలు ఆ జాగ పేరు తీసింది, గొంతు నిండ. ఆ మీద తాతలను పిలిచింది, వాగు ఒడ్డున గుడిసెలేసినోళ్ళను వరుసగ పిలిచింది, ఎవల పొయ్యి ఎటు దిక్కుండె, ఎవల మేకల దొడ్డి యాడ ఉండె, అన్నీ. అగో, నేను ఎన్నో ఏండ్లు అడిగిన బొంద అట్ల పూడుకుంట వస్తున్నది. మారు పలకాలె. నాకు వచ్చిన రెండు మాటలే, ‘చెప్పవే నా తల్లీ, విన్ననే నా తల్లీ’ అని పలుకుకుంట పోయిన. నడుమ నడుమ సార్లకు తెలుగుల చెప్తున్న. భయంతోని ఏడ్చిననో దుఃఖంతోని ఏడ్చిననో నాకే తెల్వదు. అన్న ఫోన్ల రికార్డు చేసుకుంట నిలవడ్డడు.

ఇగ గత్తర వచ్చిన నాటికి వచ్చింది. ఆ మాట అన్నది, ఉన్నదున్నట్టు, నా నోరు మూసిన మనిషి. పోయిన పిల్లలను ఒక్కొక్కరిని పిలిచింది. పిలిచి పిలిచి తన బిడ్డ కాడికి వచ్చింది. మా బాపుకు ముందు ఒక ఆడిపిల్ల పుట్టిందని మాకెవ్వరికీ తెల్వదు, బాపుకు గూడ తెల్వదు.

“నీళ్ళు నీళ్ళంటివి నా బిడ్డా. ఇస్తే పాణం పోతదన్నరు పెద్దలు. వాగు పక్కపొంటి పారుతుండె. ఇయ్యకపోతిని. ఇంట్ల ఉప్పుండె నా బిడ్డా, వాగుల నీళ్ళుండె. మెల్లగ పోస్తే బతుకుదువట. నాకు నిన్న మొన్న తెల్సింది నా బిడ్డా. ఏడ్వనియ్యలే, ఎనకకు సూడనియ్యలే. రాళ్ళు కప్పి నడిసిన.”

ఇది నేను సార్లకు తెలుగుల చెప్పలేకపోయిన. చెప్పమని వాళ్ళు గూడ అడగలే. బాపు కట్ట పక్కన చతికిలవడ్డడు, తన చేతులనే చూసుకుంట.

అప్పుడు దాదీ ఆ పిల్లను పేరు వెట్టి పిలిచింది. నా బిడ్డ పేరు. నాలుగేండ్ల సంది ఆ నోట్లకెల్లి వినాలనుకున్న పేరు.

“ఆ, దాదీ,” అన్నది ఎనకకెల్లి నా బిడ్డ.

మా ఆయన చేతులకెల్లి జారి ఉర్కొచ్చింది. “ఈడున్న,” అన్నది.

చచ్చినోళ్ళను పిలిస్తే బతికినోళ్ళు పలకరాదు. పలికితే పిలుపు వాళ్ళ మీదికి వస్తది అంటరు మావోళ్ళు. నా చెయ్యి దానంతటదే లేసింది. ఎనకట దాదీ నా నోరు ఎట్ల మూసిందో అట్లనే నేను నా బిడ్డ నోరు మూయవోయిన. దాదీ నా చెయ్యి పట్టుకున్నది. ఈసారి ఆమె చెయ్యి వణుకలే. నాదే వణుకుతున్నది.

నా భుజానికున్న సంచిల నుంచి నీళ్ళ సీస తనే తీసుకున్నది. మూత తిప్పరాలే, సారు తిప్పి ఇచ్చిండు. మల్ల ఒక్కపారి పేరు వెట్టి పిలిచి, నా బిడ్డ నోటికి సీస పెట్టింది. నా బిడ్డకు దూప లేకుండె. అయినా తాగింది, దాదీ మొఖమే చూసుకుంట, అయిపోయేదాక తాగింది.

వానలకు ముందే అన్న పేరు మీద పట్టా వచ్చింది. బాపు ఆ కట్ట మల్ల విప్పిండు. నడుము మీద చెయ్యి పెట్టుకొని, దాదీ ఆడ ఆడ అని చూపిన కాడల్ల రాళ్ళు తెచ్చి పేర్చిండు. ఏవి ఏడివో సరిగ ఉండవు, అయినా పేర్చిండు. ఆ కుప్పల చుట్టూ అన్న కంది ఏస్తడు గని కుప్పలు ముట్టడు. ఆ రికార్డు నా ఫోన్ల ఉన్నది, అన్న ఫోన్ల ఉన్నది, బడి కంప్యూటర్ల గూడ ఏసి పెట్టిన. ఈసారి చెరపలే. కని ఆఖరిదాక నేను ఇప్పటికీ వినలే, వినే ధైర్యం రాలే.

ఇప్పుడు తండకు పోతే దాదీ ఊకెనే పేరు వెట్టి పిలుస్తది. పొద్దున పిలుస్తది, పొద్దుగూకంగ పిలుస్తది, పనున్నా లేకున్నా పిలుస్తది. పిలిచినప్పుడల్ల ఆమె చేతుల చెంబు ఉంటది. నా బిడ్డ ఆట విడిచి ఉర్కి తాగొస్తది. నాకు మాత్రం పిలిచినపారల్ల గుండె ఝల్లుమంటది, పోయి బిడ్డ నొసలు ముట్టి చూసుకుంట. దాదీని ఆగమని మాత్రం అనలే.